మాస్కు తీసిన సారు

యూనివర్సిటీ మైదానంలో, మార్చి ఎండలో, పెయింట్‌బాల్ క్లబ్ పెట్టాలనుకున్న ఒక విద్యార్థిని, దానికి అనుమతి ఇవ్వాల్సిన వ్యాయామ అధ్యాపకుడికి కూడా మాస్కు పెట్టి, మిగతా పిల్లలతో ఆట ఆడించి చూపిస్తోంది.

"రంగు గుండ్లు కాల్చుకునేదానికి ట్రైనింగ్ ఎందుకు పాపా?"

"కంటికి తగిలితే చూపు పోతాది సార్. అందుకే బెంగళూరుకు పోయి రెఫరీ కోర్సు చేసినా. ఫస్ట్ ఎయిడ్ కూడా నేర్చుకున్నా."

"సర్టిఫికెట్లు సరే. మన పిల్లోళ్లు నీ మాట వింటారా?"

"వింటారు సార్. అయ్యో, మాస్కు తీయొద్దు!"

"చెమట కండ్లలోకి కారతాండాది. తుడుచుకోని పెట్టుకుంటా."

"ఆట ఆపండప్పా! అందరూ తుపాకులు దించండి! సార్, మీరు అవుట్. గీత బయటికి పోండి."

"నేనా? పర్మిషన్ ఇచ్చేది నేనే కదా!"

"అయినా సరే సార్. ఆటలో మాస్కు తీసినోళ్లు ఈపొద్దు మళ్లా లోపలికి రాకూడదు."

"ఒక్క గుండన్నా కాల్చలేదే నేను! ఎదుటి జట్టులో ఆ తిప్పేష్ గాడు నా వీపంతా పచ్చ రంగు చేసినాడు. వానికి ఒక్కటి ఇచ్చి పోతా."

"పోండి సార్. మీరు పోయేదాకా ఆట మొదలుపెట్టను."

అధ్యాపకుడు గొణుక్కుంటూ గీత దాటి, మొహం తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

"ఏయ్ పాపా! క్లబ్బు పెట్టుకో పో."

"కోపం రాలేదా సార్?"

"బాగా వచ్చింది. వస్తాదని తెలిసి కూడా పంపినావు సూడు, క్లబ్బుకు అట్లాంటోళ్లే కావల్ల."