కాశీలో వదిలింది

అక్షరాలు నా దగ్గరికి ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే సర్దుకుని చదవండి. ఒక పేజీ రాసేసరికి నాకు పొద్దు వాలిపోతుంది. అందుకని ఎవరు ఎలా నిలబడ్డారు, ఎండ ఎలా కాసింది అన్నవి వదిలేసి మాటలు మాత్రం రాస్తున్నాను.

కాశీలో, గంగ మెట్ల మీద, తేత్రి, ఆమె నేస్తం జమునియా. ఇద్దరూ ఒకే ఊరి కోడళ్లు, ఇద్దరికీ భర్తలు లేరు. తేత్రి మరిది బిలాస్ వాళ్లను తీసుకొచ్చాడు.

"కాకరకాయా? ఒసేయ్ జమునియా, నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ కాకరకాయ ముట్టలేదు కదే."

"ముట్టకపోతేనేం. కాశీకొస్తే ఏదో ఒకటి వదలమన్నారు, వదిలాను. ఇష్టమైనదే వదలాలని గంగమ్మ నాతో చెప్పలేదు."

"గంగమ్మకి తెలియదనుకున్నావా?"

"తెలిస్తే తెలియనీ. నా సంగతి అయిపోయింది. తేత్రీ, మంత్రం చెప్పే పండా నీకోసం చూస్తున్నాడు. నువ్వేం వదులుతావు?"

"అదే ఆలోచిస్తున్నా. ఆయన పోయిన రోజున చేప వదిలించారు. ఎర్రచీర వదిలించారు. గాజులు, సిందూరం, పెళ్లిపాటలు... పాటలు కూడా వదిలించారే. అంతకుముందు గొంతు బాగుంటుందని నన్నే ముందు కూర్చోబెట్టేవాళ్లు. అన్నీ వాళ్లే తీసుకున్నాక గంగమ్మ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏం మిగిలింది?"

"లీచీ పళ్లు వదిలెయ్."

"లీచీ తోట బిలాస్‌కిచ్చి, పళ్లు గంగకిచ్చి, నేనేం తినను, ఆకులా?"

"అయితే తోట ఇచ్చేస్తున్నావన్నమాట."

"మెట్టు పాకుడు పట్టింది, చూసి కూర్చో."

"మాట మార్చకు. బిలాస్ వేలిముద్ర వేయమంటున్న ఆ కాగితంలో ఏం రాసుందో నీకు తెలుసా?"

"తోట వ్యవహారం తను చూసుకోవడానికి అంటాడు."

"చదివి వినిపించమనలేదా?"

"అన్నాను. 'నామీద నమ్మకం లేదా వదినా' అన్నాడు. ఇక ఏమంటాను? చదివి చూడ్డానికి నీకు చదువొచ్చా, నాకొచ్చా?"

"మరి ఒప్పుకున్నావెందుకు?"

"రోజూ అదే పోరు. అన్నం ముందు కాగితం, అన్నం తర్వాత కాగితం. విసుగొచ్చి, కాశీ చూపించు, గంగలో మునిగి లేచాక వేలిముద్ర వేస్తానన్నాను. ఎక్కడ తీసుకెళ్తాడులే అనుకున్నా. తెల్లారేసరికి టికెట్లు తెచ్చాడు."

"అయ్యో పిచ్చిదానా. మీ ఆయన చేత్తో నాటిన చెట్లు అవి."

"నాకు తెలియదా. నీళ్లు మోసింది నేనే."

"ఆ తోట నీ పేరున ఉండబట్టే వాళ్లింట్లో నీకు ముద్ద పడుతోంది. అదీ పోయాక, వాడి పెళ్లాం నీ ముందు నుంచి కంచం లాగేస్తే ఏం చేస్తావు?"

"అదిగో వస్తున్నాడు. నువ్వు నోరు మూసుకో."

"నేనెందుకు మూసుకో—"

"వదినా, ఇంకా మునగలేదా? కాగితం సంచీలోనే ఉంది, సిరా డబ్బీ కూడా తెచ్చాను. పుణ్యక్షేత్రంలోనే కానిచ్చేద్దాం."

"కానిద్దాం బిలాస్ బాబూ. గంగ ఎక్కడికీ పోదుగా. ఒక్కటి చెప్పు. ఇక్కడ వదిలింది మళ్లీ ముట్టుకుంటే ఏమవుతుంది?"

"ఏమవుతుందేంటి? మహాపాపం."

"తెలియక ముట్టుకుంటే?"

"తెలియకపోయినా పాపమే. ముట్టించినవాళ్లకి ఇంకా పాపం. అమ్మ ఇక్కడ జామపండు వదిలేసి వస్తే, నువ్వు తీసుకెళ్లి ఆమె కంచంలో పెట్టలేదూ?"

"కొత్త కోడల్ని. నాకెవరూ చెప్పలేదు."

"చెప్పకపోతేనేం. ఆ రోజు ఇల్లంతా కడిగించాం. ముట్టించినవాళ్ల వంశం నిలవదని పెద్దలు అననే అన్నారు. నీ కడుపు పండలేదంటే ఎందుకనుకున్నావు మరి?"

"అంత మాట అంటావా బిలాస్? నీ నోరు పడిపోను."

"నువ్వుండవే జమునియా. బాబు బాగా చెప్పాడు. నా చెంబు పట్టుకో, మునిగి వస్తాను."

తేత్రి మునిగింది. పండా అడిగినదానికి జవాబు చెప్పి, దోసిట్లో నీళ్లు వదిలి, పైకి వచ్చింది.

"తల తుడుచుకో వదినా, కాగితం తడుస్తుంది. ఆ, ఇలా కూర్చో. బొటనవేలు ఇటివ్వు."

"ఇదిగో."

"సిరాలో పెట్టు... వెనక్కి లాక్కుంటావేం? మాట ఇచ్చావు."

"ఇచ్చాను. నువ్వు కూడా ఇందాకే ఒక మాట చెప్పావు. నీకు ఇద్దరు కొడుకులు, చల్లగా ఉండాలి. వాళ్లని ఎత్తుకుని పెంచినదాన్ని. నా చేతులతో వాళ్లకి చెడు చెయ్యలేను."

"మధ్యలో నా కొడుకులెందుకు?"

"ముట్టించినవాళ్ల వంశం అన్నావుగా."

"తేత్రీ, ఇంతకీ ఏం వదిలావే?"

"వేలిముద్ర."

"ఏంటీ?"

"వేలిముద్ర వదిలేశాను బాబూ. పోయి పండాని అడుగు. సరిగ్గా వినలేదేమోనని మళ్లీ చెప్పించుకున్నాడు."

"అలాంటివి వదలడం ఎక్కడైనా ఉందా? కాయో పండో వదులుతారు."

"కాయలూ పళ్లూ ఉన్నవాళ్లు అవి వదులుతారు. నాకు మిగిలింది ఇదొక్కటే. జమునియా, అలా నవ్వకే, కాలు జారి పడతావు."

"ఇది మోసం వదినా."

"వేలు ఇదిగో, నీ ఎదురుగానే ఉంది. ముద్ర గంగలో ఉంది. వేయించే ధైర్యముంటే పట్టుకుని వేయించు."

"వదినా, పిల్లల ఊసు ఎత్తకు."

"పట్టుకో బాబూ. సిరా డబ్బీ మూసేస్తున్నావేం?"

"వేలిముద్ర వద్దులే. అయితే సంతకం పెట్టు."

"పెడతాను. ముందు చదవడం నేర్చుకోనీ."

— తేత్రీ దేవి, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉండేది ముజఫర్‌పూర్ దగ్గర, నా లీచీ తోటలో.