ఎడమపక్క గ్లాసు

ఢిల్లీ కంటి ఆసుపత్రి బయట బస్సు కోసం నిలబడ్డారు గవర్నమెంటు గుమాస్తా, ఆయన భార్య. ఆవిడకి గెలుపు నవ్వు ఆగడం లేదు.

"చార్టులో ఆఖరి వరస కూడా గడగడా చదివేశానా, లేదా?" అన్నాడాయన ఉక్రోషంగా.

"చదివారు. అచ్ఛా అంటూ డాక్టరుగారు పంపించేయబోయారు కూడా. భోజనాల దగ్గర ఎడమపక్క పెట్టిన మంచినీళ్ల గ్లాసు రోజూ చెయ్యి తగిలించి ఒలకబోస్తున్నారని నేను చెప్పబట్టే కదా, కంట్లో ప్రెషరూ, పక్కచూపూ పరీక్ష చేశారు!"

"గ్లాసు అడ్డంగా పెడుతున్నావని నిన్నెంత తిట్టాను!"

"తప్పు గ్లాసుదో, కంటిదో తెలిసిందిగా?"

"తెలిసింది. నీటికాసుల జబ్బట. పోయిన చూపు ఇక రాదట."

"ఉన్న చూపు చుక్కల మందుతో నిలుస్తుందన్నారు, అది చెప్పరేం? వేళకి పట్టేశాం!"

"గెలిచావులే. ఇక గ్లాసు కుడిపక్క పెట్టు."

"కుదరదు. ఎడమపక్కే పెడతాను, తల తిప్పి చూసి అందుకోండి. ఆ పక్కనే నేనూ కూర్చుంటాను మరి!"