గుడ్డి వైపు గడియారం

హలో… ఆ, నేనేరా రాయిస్, మీ నానమ్మనే. ఈ ఇంట్లో ఫోను ఇంకెవరెత్తుతారు, పిల్లి ఎత్తుతుందా?

… ఆ, వంటింట్లోనే ఉన్నాను. రూబార్బ్ పులుపు కాడలు తరుగుతున్నాను, ఓవెన్‌లో పెట్టే తీపి పై చేద్దామని. అదంతా తర్వాత. ముందు నాకిది చెప్పు. కోర్టు కచేరీ దగ్గరికి ఆ క్రేను ఎందుకొచ్చింది?

… నాకెలా తెలుసా? నా వంటింటి కిటికీలోంచి కౌంటీ కచేరీ బురుజు కాక ఇంకేం కనపడుతుందిరా? మీ తాత నన్ను చేసుకొచ్చిన రోజునుంచీ ఈ కిటికీకి అదే బొమ్మ.

… దాన్ని ఎక్కడ నిలబెట్టావూ? పాల ఫ్యాక్టరీ మూలనా? ఆ ఫ్యాక్టరీ నువ్వు పుట్టకముందే తగలబడిపోయింది కదరా! అక్కడిప్పుడు టైర్లమ్ముతున్నారు. ఏం ఊరో ఇది, లేనివాటిని పట్టుకునే దారి చెబుతారు… సర్లే. ఎందుకొచ్చింది?

… ఊఁ… ఊఁ… ఏమిటీ? మళ్ళీ చెప్పు.

— తూర్పు గోడకా? గడియారమా?

… మన గుడ్డి గోడకి!

… సంతోషమేనా అంటావా? ఉండు, కత్తి కింద పెట్టనీ, లేకపోతే వేలు తెగేటట్టుంది.

… ఆ, పెట్టాను. ఇప్పుడు చెప్పు, ఎవరికి పుట్టింది ఈ బుద్ధి?

… కౌంటీ బోర్డుకా. మీ ముగ్గురూ చెయ్యెత్తారా? పోయిన చలికాలం కచేరీ మెట్లకి ఏ రంగు వెయ్యాలో తేల్చుకోలేక ముగ్గురూ ముఖాలు చూసుకోవడం మానేశారు. దీనికి మాత్రం చెయ్యి టక్కున లేచిందా?

— మరి నాకు ఒక్క ముక్క చెప్పలేదేం? ఈ హార్విల్‌లో నాకు జలుబు చేస్తే నాకంటే ముందు కాఫీ హోటల్లో తెలుస్తుంది. నిన్నటికి నిన్న చర్చి భోజనాల్లో నా పక్కనే కూర్చుని, చిల్లీ కూరలో దాల్చినచెక్క రొట్టె ముంచుకు తిన్నావు. ఊరంతా అక్కడే ఉంది. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు!

… నవ్వకు. నాకు ఒళ్ళు మండుతోంది.

… కాదు, నువ్వు విను. నువ్వు బోర్డు మెంబరువైతే అయ్యావుగానీ, నీ ముక్కు తుడిచిన చెయ్యి ఇదే. మిగతా మూడు వైపులా ఉండి ఆ గోడకి గడియారం ఎందుకు లేదో నీకు తెలుసా?

… రైల్లో వస్తూంటే నాలుగోది పగిలిపోయిందా! ఎవరు చెప్పారు? … బళ్ళో. అందుకే నేను బడికి ఎక్కువ వెళ్ళలేదు. చిన్నప్పుడు నీకు నేనేం చెప్పాను? అదెక్కడ పారేసుకున్నావు?

— అప్పట్లో కచేరీ డోనెల్‌లో ఉండేది. మా డోనెల్‌లో. పెళ్ళి కాగితానికైనా, పొలం తగాదాకైనా కౌంటీలో ఎవడైనా కచేరీ ఉన్న ఊరికే రావాలి. వస్తాడు, భోంచేస్తాడు, గుర్రానికి లాడం కొట్టించుకుంటాడు, పదిమంది సంగతులు మూటగట్టుకు పోతాడు. ఊరికి బతుకంటే అదే. అందుకే రెండు ఊళ్ళూ దానికోసం కొట్టుకు చచ్చాయి. ఓట్లు పెడితే, మీ హార్విల్ వాళ్ళు సమాధుల మీద పేర్లున్న వాళ్ళచేత కూడా ఓట్లేయించారు.

… ఆ, మీ హార్విల్ వాళ్ళే. … నేనూ హార్విలేలే, కాదన్నానా? ఇక్కడే కాపురం చేశాను, ఇక్కడే పోతాను. పుట్టింది మాత్రం అక్కడ.

— అంత చేసినా కచేరీ కదల్లేదు. అప్పుడేం చేశారూ, ఒక ఆదివారం పొద్దున, మోకాలెత్తు మంచులో, డోనెల్ అంతా చర్చిలో ఉన్న వేళ చూసి, గుర్రాల మంచుబళ్ళు కట్టుకొచ్చారు. కౌంటీ కాగితాలు, ఇనప్పెట్టె, ఆఖరికి జడ్జీ గారి కుర్చీ కూడా వేసుకుపోయారు. కాపలా ఉండవలసింది మా తాత.

… తాగి పడుకోలేదు! నువ్వు కూడానా? చర్చిలో పాడుతున్నాడు. లావు గొంతు ఆయనొక్కడిదే, ఆయన లేకపోతే పాట నిలబడదని పాస్టరు కబురు పంపితే వెళ్ళాడు. పాటయ్యి బయటికొచ్చేసరికి కచేరీ లేదు.

— ఏటా స్థాపకుల దినం నాడు మీరు నాటకం వేస్తారే, ఒకడు సీసా పట్టుకుని గుర్రు పెడుతుంటే జనం పడీపడీ నవ్వుతారే, ఆయనేరా మా తాత. ఒక ఏడు ఆ వేషం నువ్వే వేశావు. నేను ముందు వరసలో మడత కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాను. మనవడివైపోయావు, కొట్టకేం చెయ్యను?

… ఆ, గుర్రు బాగానే పెట్టావు. ఇప్పుడు దాని మాట కాదు.

— తెచ్చుకున్న కచేరీకి కొత్త భవనం కట్టారు. పైన బురుజు లేపారు. మూడు వైపులా గడియారాలు పెట్టి, తూర్పున డోనెల్ వైపు మాత్రం ఉత్త ఇటుకలు పేర్చారు. వాళ్ళకి మన టైము చెప్పం అన్నారు. అదీ సంగతి. రైల్లో పగిలిందిట, రైల్లో!

… 'అందుకేగా ఇప్పుడు పెడుతున్నాం' అంటావా?

— ఎవరికి పెడుతున్నావు? అక్కడ మనుషులున్నప్పుడు పెట్టారా? బ్యాంకు పోయింది. రైలు ఆగడం మానేసింది. బడి మూశారు. మా తాత పాడిన చెక్క చర్చిని కూడా చక్రాల మీదకెక్కించి ఈ ఊరికే ఈడ్చుకొచ్చారు, అందులోనే కదా ఇప్పుడు ట్రాక్టరు సామాను అమ్ముతున్నారు! ఇప్పుడక్కడేం ఉంది? సోయా చేలు, సమాధులు. సోయా కాయలకి టైము కావాలా, సమాధులకి కావాలా?

… అన్యాయాన్ని సరిదిద్దడమా? ఆ బోర్డు మాటలు బోర్డులో మాట్లాడు.

… అరవడం లేదు. నా గొంతే అంత. మా తాత గొంతు.

— ఆ ఖాళీ గోడ నన్ను ఎంత ఏడిపించిందో నీకేం తెలుసు? పెళ్ళయి వచ్చిన కొత్తల్లో ఆల్వీనా అని పిలిచినవాడు లేడు. 'గుడ్డి వైపు పిల్ల' అనేవారు. వంట ఆలస్యమైతే మా అత్తగారు, 'మీ వైపు వాళ్ళకి టైమెలా తెలుస్తుందిలే' అనేది. నేనూరుకున్నానా? 'మీరు చూపిస్తేగా అత్తయ్యా!' అన్నాను. ఆ పూట మీ తాత నవ్వలేక, నవ్వు ఆపుకోలేక, కోళ్ళకి మేత వేస్తానని బయటికి పోయాడు. తర్వాత నాకదే సాకయింది. ఎక్కడికి ఆలస్యంగా వెళ్ళినా 'నాది గుడ్డి వైపు కదా' అంటే అందరూ నోరు మూసుకునేవారు.

… మరి అంత ఏడిపించిన గోడ పోతూంటే ఎందుకు వద్దంటున్నానా?

— ఒరేయ్… ఎలా చెప్పను నీకు.

— ఈ ఊరికి కొత్తవాడెవడొచ్చినా కచేరీ చుట్టూ ఒకసారి తిరుగుతాడు కదా. తిరిగి, తలెత్తి, ఈ వైపు గడియారం లేదేం అంటాడు. అంటాడా అనడా? … ఆ. అప్పుడు అక్కడ ఎవరుంటే వాళ్ళు, మంగలి కానీ గుమాస్తా కానీ, డోనెల్ పేరు ఎత్తాలి. వెక్కిరిస్తూ చెప్పనీ, రైలు కథే చెప్పనీ, ఆ పేరు ఎత్తకుండా కుదరదు. మా ఊరి పేరు ఎవరి నోటైనా పలికేది ఆ ఒక్క మాటకేరా. రోడ్డు మీద పలక లేదు, పటంలో చుక్క లేదు. ఆ ఇటుకలే ఉన్నాయి. వాటికి కూడా గడియారం తగిలించేస్తే ఇంకెవడడుగుతాడు? ఎందుకడుగుతాడు?

…

— ఏమిటీ గొణుగుతున్నావు? గట్టిగా చెప్పు.

… ఎవరి కోసం?

… నా కోసమా?

… డోనెల్‌లో పుట్టినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలానని… నా పుట్టినరోజుకి… అందుకని ఊరంతా దాచిందా? ఆ మంగలి కూడా? వాడి కడుపులో మాట ఎలా దాగిందిరా!

— అయ్యో నాయనా.

… లేదు, ఏడవడం లేదు. కోపమే. ఇప్పుడు నిన్ను తిట్టడానికి కూడా లేకుండా చేశావు, దానికి ఇంకా కోపం. ఇంత చేసినవాడివి, ఒక్కసారి వచ్చి, 'నానమ్మా, నీకిది ఇష్టమేనా' అని అడగడానికి ఏమయింది?

… ఇవాళే తెర నేను లాగాలా? మైకులో మాట్లాడాలా? నేను రాను. … రానన్నాను కదా. ఆ క్రేనువాణ్ణి వెనక్కి పొమ్మను.

… పైకెత్తేశారా? ఎంతవరకు? … ఉండు, కిటికీ దగ్గరికెళ్తాను.

— ఆ… కనపడుతోంది. తాడుకి వేలాడుతోంది, పెళ్ళివారింటి పళ్ళెంలా. ఎంత తెల్లగా ఉందిరా…

— అదేమిటి, అటు పోతోందేం? అది ఉత్తరం వైపు! అక్కడ ఉంది కదా ఒకటి!

… ఆఁ? నాతోనా? … ఎవరిమీద అరుస్తున్నావు?

— రాయిస్. ఒరేయ్ రాయిస్! ఇప్పుడా క్రేనువాడితో ఏమన్నావు?

… అది కాదు, దానికి ముందు.

… ఆ. 'ఇటు కాదయ్యా, గుడ్డి వైపుకి తిప్పు' అన్నావు. నేను విన్నాను. … వాడిదే ఊరు? … అయోవా రాష్ట్రం నుంచి వచ్చాడా. గుడ్డి వైపంటే ఏదని అడిగాడా? … అడిగితే?

… 'డోనెల్ వైపు' అన్నావు.

— ఊఁ.

… లేదు, ఏం లేదు. ఒక సంగతి తట్టింది.

— గడియారం కళ్ళముందు వేలాడుతూంటే కూడా నీ నోటికి గుడ్డి వైపనే వచ్చింది చూశావా? దాన్ని బిగించేసినా అదే వస్తుంది. పాల ఫ్యాక్టరీలాగే. నీ కొడుకూ అదే అంటాడు. వచ్చినవాడు తల గోక్కుని, ఇంత గడియారం ఉంటే గుడ్డి వైపేమిటయ్యా అంటాడు. అడగక ఛస్తాడా?

… ఆగు, ఆగు. నా కోపం పోయిందనుకోకు. వస్తాను. కానీ ఆ నాటకంలో మా తాత చేతిలోంచి సీసా తీసెయ్యాలి.

… ఏం పెట్టాలా? ఏం పెట్టక్కర్లేదు. నిలబడి పాడాలి. మీవాళ్ళు వెనకనుంచి జడ్జీ కుర్చీ ఎత్తుకుపోతూంటే, ఆయన అటు చూడకుండా కళ్ళు మూసుకుని, లావు గొంతుతో పాడుతూ ఉండాలి.

… నవ్వితే నవ్వనీ జనాన్ని. పాట విని నవ్వనీ.

… ఎవరేస్తారా? నువ్వే. … బోర్డు మెంబరైతే ఏం, గొంతు లేదా? ఇందాకటినుంచి ఆ క్రేనువాడిమీద అరుస్తూంటే, ఫోను లేకుండానే వినపడుతోంది నాకు. ఎవరి గొంతనుకున్నావు అది?

… అదీ. మాటిచ్చావు. మంగలికి చెప్పు, సాక్ష్యానికి.

… ఎన్నింటికి? నన్ను తీసుకెళ్ళడానికా?

— నాకేం తెలుసురా టైము? నాది గుడ్డి వైపు కదా. రూబార్బ్ పై ఓవెన్‌లో ఎర్రబడ్డాక వస్తాను. అంతదాకా నిలబడనీ ఊరంతా.

… ఊఁ, పెట్టేయ్. నా కాడలన్నీ ఎండిపోతున్నాయి.