పెరటి దిబ్బ

రేపల్లెలో, తొంభయ్యో ఏటి తుఫాను వెళ్ళిన మరుసటి వేసవిలో, భార్య పోయిన రెండు నెలలకు ఒక పెద్దాయన పిట్టగోడ దగ్గర నిలబడి పక్కింటావిడను పిలిచాడు.

"అమ్మాయ్, ఈ మల్లెపొదలు ఎందుకిలా మాడిపోతున్నాయో కాస్త చూడు."

"మొదళ్ళలో ఏం వేశారు బాబాయిగారూ?"

"పోయిన వారం రెండు తట్టల పేడ వేశాను. మీ పిన్ని పేడే వేసేదిగా."

"పచ్చి పేడ వేళ్ళు మాడ్చేస్తుందండి. పిన్నిగారు వేసింది మాగిన ఎరువు. పేడా, రాలిన ఆకులూ, పొయ్యిలో బూడిదా పెరటి మూల దిబ్బలో పోసి, రోజూ బియ్యం కడుగునీళ్ళు చల్లేవారు. ఏడాది దాకా ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ దిబ్బ అడుగున బోలెడు ఉంటుంది, తీసి వేయండి."

ఆయన పెరటి మూల వైపు చూడలేదు.

"దిబ్బ లేదమ్మా. మీ పిన్ని పోయాక పెట్టిన ఆదరణ కూటానికి పాస్టరుగారూ చుట్టాలూ వస్తారని పెరడంతా శుభ్రం చేయించాను. మొత్తం బండికెత్తించి రైలుకట్ట పక్క గుంతలో పోయించాను."



"పోనీ, మా ఇంట్లో కొంచెం ఎరువుంది, ఇస్తాను."

"ఎరువొద్దమ్మా. నిన్న అటు వెళ్ళి చూశాను. గుంత నిండా గుమ్మడి తీగ పాకి పూసింది. మీ పిన్ని దిబ్బలో పారేసిన గింజలే."

ఆయన ఖాళీ చెంబు గోడ మీద పెట్టాడు.

"క్యారేజీ భోజనం తెప్పించుకుంటున్నాను. మా ఇంట్లో బియ్యం కడిగి రెండు నెలలైంది. మీ ఇంట్లో కడుగునీళ్ళుంటే ఒక చెంబెడు ఇవ్వు. ఆ తీగకు పోసొస్తాను."