గట్టయ్య దిక్కు గోడ

గోదావరిఖని దగ్గరి జైపూర్‌లో స్లాబు పడి, ఇంకా ప్లాస్టరింగు కాని కొత్త ఇల్లు. ఇంటి యజమాని రాజం, బొగ్గుబాయిలో చేసి రిటైరైనవాడు; కట్టుబడి పనులు చూసుకున్నది అతని భార్య లస్మవ్వ. ఆ ఇంటి ప్లాను గీసింది శాలిని, ఆర్కిటెక్టు ఆఫీసులో ట్రైనింగులో ఉన్న పిల్ల.

"కిటికేది బిడ్డా?"

"ఏ కిటికీ కాకా?"

"ఏ కిటికేంది? ఈ గోడకు! ముందటర్రల లేదు, చిన్నర్రల లేదు, వంటింట్ల లేదు. ఈ దిక్కు మొత్తం గోడనే ఉన్నది."

"అంటే... ఆ దిక్కు ఎండ మస్తు కొడ్తది కద కాకా, అందుకని..."

"అది ఉత్తరం. ఉత్తరం దిక్కు ఎండెట్ల కొడ్తది?"

"ఎండ గాదు, చలి. చలిగాలి."

"మన దిక్కు చలి ఎన్నొద్దులుంటదే?"

"ఎన్నొద్దులున్నా చలి చలే కద కాకా."

"నా మొకం జూసి చెప్పు."

"ఖాళీ గోడ గూడ ఒక డిజైనే కాకా. పెద్ద పెద్దోల్లు కావాల్నని పెట్టుకుంటరు. ఫొటోలు తగిలేసుకోవచ్చు."

"నాకున్నదే ఒక్క ఫొటో. రిటైరైననాడు శాలువ కప్పింది. దానికి ఇంత గోడెందుకు?"

"సరే కాకా. మర్చిపోయిన."

"ఏం మర్చిపోయినవ్?"

"కిటికీలు."

"కిటికీలు మర్చిపోయినవా! పెండ్లికి పోంగ పిల్లను ఇంట్లనే ఇడిచిపెట్టి పోయినట్టు?"

"గట్లనే. తిట్టు కాకా. పొద్దటిసంది నన్ను నేనే తిట్టుకుంటున్న, నీకు కొత్త తిట్లేం మిగల్లే."

"మరి ఇన్ని నెలలు ఆ ఆఫీసుల ఏం నేర్పిండ్రే నీకు?"

"బాత్రూములు."

"ఏందీ?"

"బాత్రూములు కాకా. ఎవలిల్లైన సరే, ఇల్లు సారు గీస్తడు, బాత్రూం నాకిస్తడు. నల్లా ఏడ పెట్టాలె, నీళ్ళు ఎటు పోవాలె, గంతే. గోదావరిఖనిల సగం బాత్రూములు నావే. కాలేజీల మ్యూజియం గీసి ఫస్టొచ్చిన పిల్లను! మొత్తం ఇల్లు నా చేతికిచ్చింది మొదటిసారి నీదే."

"నా అదృష్టం."

"బాత్రూం జూసినవా? మంచిగొచ్చింది."

"అండ్ల కిటికున్నదా?"

"ఉన్నది! అండ్ల మర్చిపోలే."

"మరి మీ రఘుపతి సారు ఏం జేసిండు? ఆయన జూడలేదా?"

"చూసిండు. సంతకం గూడ పెట్టిండు."

"అయితె తప్పు ఆయనది గూడ."

"సంతకం సారుది, తప్పు నాది. ట్రైనింగంటె గదే కాకా. ఇయ్యాల ఇల్లు జూడ వస్తుండు. నచ్చితె ట్రైనింగు పాసైనట్టు రాసిస్తడు. అది ఉంటెనే ఆఖరేడు సదువనిస్తరు. ఆ ఏడు పాసైతెనే ఆర్కిటెక్టునని చెప్పుకునుడు. నచ్చకపోతె మల్ల మొదటికెల్లి."

"మల్ల బాత్రూములా?"

"మల్ల బాత్రూములే."

"ఆగాగు. నాకింకో అనుమానమున్నది. పొద్దుగాల నేనొచ్చినప్పుడు లోపలంత మబ్బుగుండె. లైట్లు లేవు గద. అయినా ఎక్కడ తట్టుకోకుండ సక్కగ వంటింట్లకు పోయిన. గడప ఏడున్నదో కాలుకు ఎరుకే. స్విచ్చుల డబ్బా ఏడున్నదో చేతికి ఎరుకే."

"అంటె ప్లాను మంచిగున్నట్టే కద కాకా."

"నన్ను చెప్పనియ్యి. ముందల వరండ. ఎన్క ముందటర్ర. దానెన్క చిన్నర్ర. అటెన్క వంటిల్లు. అవుతల వాకిలి, వాకిట్ల బాత్రూం. ఓ బిడ్డా... ఇది మా క్వార్టరు గాదే?"

"ఏ క్వార్టరు కాకా?"

"సెంటినరీ కాలనీల నేను ముప్పై ఏండ్లున్న కంపెనీ క్వార్టరు! ఇది పక్కింటి గట్టయ్య దిక్కు గోడ!"

"ప్రభువా!"

"అవునా కాదా?"

"అవును కాకా. మా క్వార్టరుకైతె ఇది కొమురెల్లి మామ దిక్కు గోడ."

"నడిమి గోడే ఇది! రెండు క్వార్టర్లకు నడుమ ఒక్కటే గోడ. దానికి కిటికెట్లుంటది?"

"ఉండదు. గందుకే పెట్టలే. కాకా, పుట్టినకాంచి గదే ఇంట్లున్న. దోస్తులింటికి పోతె గదే ఇల్లు. ట్యూషన్‌కు పోతె గదే ఇల్లు. ఇల్లంటె ఒక దిక్కు కిటికీలుండయనే నా మనసుల పడ్డట్టున్నది. సారు ఇల్లు గియ్యుమన్నడు, నా చెయ్యి క్వార్టరు గీసింది. నాలుగేండ్ల సదువు ఎటు వాయెనో."

"మీ సారన్నా కనిపెట్టద్దా?"

"సారు గూడ బెల్లంపల్లి క్వార్టర్లనే పెరిగిండు."

"సచ్చింది పో."

"నువ్వు మాత్రం? ప్లాను జూపిస్తె ఏమన్నవ్? 'మంచిగున్నది బిడ్డా, ఎక్కన్నో జూసినట్టే ఉన్నది' అన్నవ్!"

"...అన్నగని."

"మరి!"

"ఇప్పుడన్న కొట్టి కిటికీలు పెట్టరాదు?"

"పెట్టచ్చు. గని గోడ బరాబర్ హద్దు మీదనే పెట్టిన కాకా, సందు ఇడువలే. రేపు పక్క ప్లాటోడు ఇల్లు కడితె నీ కిటికీలకెల్లి వాని గోడనే కనబడ్తది."

"అంటె మల్ల నా గోడకు ఇంకోని గోడ తాకుతది."

"తాకుతది."

"బిడ్డా, ముప్పై ఏండ్లు గోడవుతల గట్టయ్య దగ్గు విన్న. నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకుంటె ఖళ్ళు ఖళ్ళు. వాల్లు పోపేస్తె నాకు తుమ్ములు. అప్పుడే ఒట్టు పెట్టుకున్న, నా సొంతింటికి ఎవ్వని గోడ తాకద్దని."

"తప్పైంది కాకా. నవ్వులాట కింద మాట్లాడుతున్న గని ఏడుపొస్తున్నది. నీ ఇల్లు పాడుజేసిన."

"ఊకో, ఏడ్వకు. సారడిగితె వాస్తు అని చెప్దాం. వాస్తంటె ఎవ్వలు నోరు తెరువరు."

"అంద్రెయ బిడ్డ వాస్తు జూసి ఇల్లు గట్టిందంటె, ఆదివారం చర్చిల మా బాపు మొకమెట్ల ఎత్తుకుంటడు? వద్దు కాకా. సారుకు నేనే చెప్త."

"ఏం చెప్తవు బిడ్డా? ముందుగాల నువ్వు, మీ కాక చాయ్ తాగున్రి."

"లస్మవ్వ చిన్నమ్మా, నువ్వు గూడ తిట్టు. కాక తిట్టుడైపోయింది. నీ ఇంటికి కిటికీలు మర్చిపోయిన."

"గా ముచ్చటనా? గోడ సగం లేచిననాడే మేస్త్రి బిక్షం అడిగిండు, 'ఈ దిక్కు కిటికీలు లేవేందవ్వా' అని. నేనే గమ్మునుండుమన్న."

"నీకు ఎరుకేనా! మరి నాకు చెప్పకపోతివేమే?"

"పక్క ప్లాటు ఎవలు తీసుకున్నరో ఎరుకేనా నీకు?"

"ఎవడు?"

"గట్టయ్య."

"ఏ గట్టయ్య?"

"ఎంతమంది గట్టయ్యలున్నరయ్యా నీకు? దగ్గే గట్టయ్య!"

"వాడా! వాడు నా ఎన్కపొంటి ఈడిదాక వచ్చిండా?"

"రాలే, నేనే పిలిచిన. వాల్లు గూడ రిటైరైనంక క్వార్టరు ఖాళీ చెయ్యాలె కద, జాగ దేవులాడుతుండ్రి. ఈ గోడ జూసినంక గట్టయ్య పెండ్లాం సమ్మవ్వకు ఫోన్ జేసి చెప్పిన, వదినా, పక్క జాగ అమ్ముతుండ్రు, మన గోడ మనకున్నదని."

"నా ఒట్టు ఏం గావాలెనే?"

"నీ ఒట్టు! ఇను బిడ్డా. కిరాయింట్లకు వచ్చినకాంచి మీ కాకకు నిద్ర లేదు. పండుకుంటడు, లేస్తడు, గోడ దిక్కు మర్లుతడు. ఏమైందయ్యా అంటె, 'సప్పుడే లేదేందే' అంటడు."

"నేనెప్పుడన్న?"

"మొన్న అనలేదా? ఊకూకె గట్టయ్యకు ఫోన్ జేసి, 'దగ్గు ఎట్లున్నదిరా' అని ఎవలడుగుతుండ్రు మరి?"

"మనిషన్నంక అడుగద్దా?"

"అడుగు. గోడవుతలికెల్లి అడుగు, ఫోన్ ఎందుకు?"

"కాకా, కారు సప్పుడు. సారొచ్చిండు. నువ్వేం మాట్లాడకు, నేనే చెప్త."

"నేనేం మాట్లాడుత? పో."

"నమస్తే సార్."

"నమస్తే. ఇల్లు మంచిగనే వచ్చింది. స్లాబు బాగుంది. కానీ శాలినీ... ఈ గోడకు కిటికీలేవి?"

"మర్చిపోయిన సార్. డిజైన్ గాదు, వాస్తు గాదు. క్వార్టర్ల పుట్టిన, క్వార్టరే గీసిన. తప్పు నాదే."

"తప్పని ఇప్పుడంటే ఎట్లనమ్మా? ఇండ్ల ఉండేది నువ్వా, నేనా? రాజమన్నా, నువ్వే చెప్పు, ఈ పిల్లను ఏం జెయ్యమంటవు?"

"తప్పే సార్, పెద్ద తప్పే. పక్క ప్లాట్ల మా గట్టయ్య ఇల్లు గూడ ఈ పిల్లకే ఇయ్యున్రి. ఈ గోడకు ఆ దిక్కు గూడ గిదే తప్పు చెయ్యాలె."