ఏ పక్షమూ కాని ఇల్లు

1943. యుద్ధంలో ఎవరి పక్కనా చేరని ఐర్లాండ్, పడమటి తీరం. కొండ మీద కాపలా దిగి ఇంటికొచ్చాడు ఫెస్టీ. తల్లి సబీనా పొయ్యి దగ్గర ఉంది.

"ఏంట్రా ఒళ్లంతా ఆ సున్నం?"

"కొండ మీద పేరులా పేర్చిన రాళ్లకి మళ్లీ వేయించారమ్మా. మన దేశం పేరు పైనుంచి విమానాలకి కనపడాలిగా."

"కనపడితే?"

"ఇది తటస్థ దేశం, బాంబులు వెయ్యరు."

"ఓహో. అంతెత్తునుంచి కూడబలుక్కుని చదివి, 'పాపం, మంచివాళ్లు' అని పక్కకి పోతారన్నమాట. రెండేళ్ల కింద మన డబ్లిన్ మీద బాంబులు వేసినవాడు బళ్లోకి పోలేదు కాబోలు."

"అమ్మా..."

"పేరు పక్కన ఆ అంకె ఎందుకురా?"

"ఏ అంకె?"

"నాకింకా కళ్లున్నాయి."

"అది... అమెరికా విమానాలు దారి తప్పకుండా. ఎవరితోనూ అనొద్దన్నారు."

"నేనెందుకంటాను? మీరే కొండంత అక్షరాలతో రాసి పెట్టాక."

"వెటకారం చాలు."

"సరే, జర్మనీవాడు ఇక్కడ పడితే ఏం చేస్తారు?"

"క్యాంపులో పెడతాం."

"ఇంగ్లీషువాడు పడితే?"

"కాస్త తిండి పెట్టి... ఉత్తరాన వాళ్ల సరిహద్దు దాటిస్తాం."

"ఇద్దర్నీ ఎంత సమానంగా చూస్తున్నార్రా."

"టీ ఇస్తావా, లేదా?"

"అయిపోయింది."

"పొద్దున చిటికెడు ఉందిగా?"

"వచ్చినవాడికి పోశాను."

"ఎవరొచ్చారు?"

"దుంపలు తిను, చల్లారిపోతాయి."

"అమ్మా, ఎవరు?"

"ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. మీరంతా పైన రాళ్లకి సున్నం పూస్తుంటే కింద సముద్రం ఎవరు చూస్తారు?"

"ఇంగ్లీషువాడేనా?"

"ఏమో. ఏదో అన్నాడు, అర్థం కాలేదు. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అది మాత్రం అర్థమైంది."

"చొక్కా మీద గుర్తేమైనా ఉందా?"

"గద్ద బొమ్మ."

"గద్దా? వాడు జర్మనీవాడమ్మా."

"అయ్యుంటాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు."

"ఎక్కడున్నాడు? ఠాణాలో చెప్పాలి నేను."

"చెబుదువులే. బట్టలారనీ."

"ఎక్కడున్నాడో చెప్పమ్మా."

"లోపల. కోల్‌మన్ మంచం మీద."

"అన్నయ్య మంచం మీదా?"

"ఇంకో మంచం ఎక్కడుందిరా మనకి?"

"ఇంగ్లీషు ఓడలో పనికెళ్లిన అన్నయ్యని ముంచి చంపింది వీళ్లేనమ్మా. మరిచిపోయావా?"

"మెల్లగా మాట్లాడు. వాడికిప్పుడే నిద్రపట్టింది."