దుర్గవ్వ ఖానావళి బోర్డు

మరాఠీ మాట్లాడే నిజాంపురాలో, బతుకుదెరువుకు వచ్చిన తెలుగు మరమగ్గాల పనివాళ్లకు వండిపెట్టే ఖానావళి తెరవబోతోంది దుర్గవ్వ. ఆమె కూతురు కళ బోర్డు కోసం అంకుశం మామ దుకాణానికొచ్చి, కంప్యూటర్ తెర మీద తల్లి పేరు చూడగానే కనుబొమ్మలు ముడిచింది.

“మామా, అవ్వ పేరుకు వత్తులు పక్కకు పడ్డయేంది?”

“లినక్స్ అప్‌డేట్ అయినంక తెలుగు గట్లనే చెదిరింది బిడ్డా. మరాఠీ మంచిగొస్తుంది, అండ్లనే కొడ్త.”

“తినెటోళ్లంత మనోళ్లే. తెలుగే ఉండాలె. పాత ఫాంట్ మళ్ల ఎక్కియ్యి.”

“శానా సేపు పడ్తది. అయినా నువ్వు చదివింది మరాఠీ బడిల. తెలుగు చదవరాదు, తప్పని నీకెట్ల ఎరుక?”

“అవ్వ చేతి మీద గీ పేరే పచ్చబొట్టుంది. చిన్నప్పటిసంది చూస్తున్న. అండ్ల వత్తులు కిందున్నయ్.”

“గంత సూక్ష్మంగ ఎవలు జూస్తరు?”

కళ స్టూలు లాక్కుని కూర్చుంది.

“అప్‌డేట్ అయ్యింది నీ కంప్యూటర్‌కు మామా, మా అవ్వ చేతికి గాదు.”